ఫిడేలుకు బొట్టు

మా ఆవిడ స్టిక్కర్ బొట్ల ప్యాకెట్టు కనపడక మూడు రోజులైంది. మొదటి రోజు పనమ్మాయిని అనుమానించింది. రెండో రోజు తన మతిమరుపును తిట్టుకుంది. మూడో రోజు సాయంత్రం నేను వరండాలో చాప మీద కూర్చుని సరళీవరుసలు సాధన చేస్తుంటే కాఫీ గ్లాసుతో వచ్చి, ఫిడేలు వంక చూసి అక్కడే నిలబడిపోయింది. నల్లటి ఫింగర్‌బోర్డు మీద రెండు వరసల్లో ఆరు ఎర్రటి బొట్లు.

“దీనికి పెళ్లెప్పుడైందండీ?” అంది.

పెళ్లి కాదు, సర్వే అని చెప్పాను. నమ్మలేదు. మొదట్నుంచీ చెప్పాల్సి వచ్చింది.

నేను పంచాయతీరాజ్ శాఖలో 32 ఏళ్లు ఇంజనీరుగా చేశాను. అంటే 32 ఏళ్లు టేపు పట్టుకున్నాను. కల్వర్టయినా, బడి గోడయినా కాంట్రాక్టరు మాట మీద కాదు, టేపు మాట మీదే బిల్లు రాశాను. రిటైరైన మూడో నెలలో ఫిడేలు కొన్నాను. విజయనగరంలో పుట్టి పెరిగినవాడికి ఆ దురాశ పుట్టడంలో వింతేమీ లేదు. 1919లో మహారాజావారు సంగీత కళాశాల పెట్టి ఆదిభట్ల నారాయణదాసుగారిని ప్రిన్సిపాల్‌గా కూర్చోబెట్టిన ఊరిది. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు అక్కడే ఫిడేలు చెప్పి, 1936లో తానూ ప్రిన్సిపాల్ అయ్యారు. చిన్నప్పుడు ఆ కాలేజీ గోడ పక్కనుంచి సైకిల్ మీద వెళ్తూ విన్న ఫిడేలు నా చెవుల్లో ఉండిపోయింది. చెవుల్లోంచి వేళ్లలోకి రావడానికి ఎన్ని కిలోమీటర్లో అప్పట్లో కొలవలేదు.

బయల్దేరాక తెలిసింది, ఫిడేలుకు మెట్లు లేవని. వీణకు 24 మెట్లుంటాయి. మా పక్కనే బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్లు మైనం పరిచి, ఒక్కో మెట్టునూ చెవితో సరిచూసుకుంటూ కూర్చోబెడతారు. కష్టమంతా వాళ్లు పడతారు. వాయించేవాడి వేలు కాస్త అటూ ఇటూ అయినా మెట్టు కాపాడుతుంది. గిటారుకూ అడ్డంగా లోహపు పట్టీలున్నాయి. ఫిడేలుకు? నున్నటి నల్ల పలక. గీతల్లేవు, మలుపు బోర్డుల్లేవు, కిలోమీటరు రాయి లేదు. అర్ధరాత్రి తారు రోడ్డు. వేలు ఒక మిల్లీమీటరు జరిగితే స్వరం జరుగుతుంది, నాలుగు జరిగితే పక్కింటి కుక్క లేస్తుంది.

మా మాస్టారికి ముప్పై అయిదేళ్లుంటాయి. ఆయన నన్ను ‘సార్’ అంటారు, నేను ఆయన్ని ‘మాస్టారూ’ అంటాను. ఎవరు ఎవరికి చెబుతున్నారో బయటివాళ్లకి ఫిడేలు విన్నాకే తెలుస్తుంది. నా తోటి విద్యార్థిని మూడో తరగతి. ఆ పిల్లకి మొహమాటం లేదు. “తాతగారూ, మీ రి పైకెళ్లిపోయింది” అని చెప్పి తన చాక్లెట్ తను తింటుంది.

ఆ పరువునష్టం భరించలేక ఆన్‌లైన్లో ఒక కిట్టు తెప్పించాను. ఫింగర్‌బోర్డుకు అడ్డంగా అంటించే సన్నటి టేపులూ, ఎక్కడ అంటించాలో చూపించే అట్ట స్కేలూ. పాశ్చాత్య దేశాల్లో పిల్లలకి ఇలా టేపులు అంటించి నేర్పడం మామూలేనట. టేపు అన్న మాట వినగానే పోయిన సర్వీసు తిరిగొచ్చినట్టయింది. ఆదివారం పొద్దున్నంతా కూర్చుని అంటించి, సోమవారం క్లాసులో దర్జాగా మాయామాళవగౌళ వాయించాను.

మాస్టారు కళ్లు మూసుకుని విన్నారు. “బాగుంది సార్. శంకరాభరణం ఎప్పుడు మొదలుపెట్టారు?” అన్నారు.

కిట్టు తప్పేం లేదు. అక్కడి పిల్లలు మొదట నేర్చేది మేజర్ స్కేలు. అంటే మన శంకరాభరణమే. దాంట్లో మొదటి వేలు చతుశ్రుతి రిషభం మీద పడుతుంది. మనకేమో పురందరదాసుగారి పుణ్యమా అని మొదటి పాఠం మాయామాళవగౌళ. దాని రిషభం శుద్ధ రిషభం, ఇంకా కిందే ఉంటుంది. గాంధారం, మధ్యమం మాత్రం రెండు రాగాలకీ ఒకటే. అంటే మొదటి టేపు ఒక్కటీ ఒకటిన్నర సెంటీమీటర్లు పైకి జరిగినందుకు నేను పదిహేనో మేళంలో బస్సెక్కి ఇరవై తొమ్మిదో మేళంలో దిగాను.

ఇంక పరాయి ఎస్టిమేటు నమ్మదలచుకోలేదు. బిరడాల పక్కన తీగలు ఆనే చిన్న గట్టు దగ్గర్నుంచి అటు చివర తీగల్ని మోసే గుర్రం దాకా కొలిచాను: 328 మిల్లీమీటర్లు. శుద్ధ రిషభం అందులో పదహారో వంతు దగ్గర పలుకుతుంది, అంటే 20.5. అంతర గాంధారం అయిదో వంతు, 65.6. శుద్ధ మధ్యమం నాలుగో వంతు, 82. పక్కనున్న పా తీగ మీద ఇవే మూడు కొలతలకి ధైవతం, నిషాదం, పై షడ్జమం వచ్చేస్తాయి. మూడే మూడు కొలతలతో స్థాయి మొత్తం పూర్తి! ఇంత చౌక డిజైను నా సర్వీసులో చూడలేదు.

పాత టేపులు పీకితే జిగురు మిగిలింది. కొత్తగా ఏం అంటించాలా అని ఇల్లంతా చూస్తుంటే డ్రెస్సింగ్ టేబుల్ అద్దం కనిపించింది. దాని మీద ఎప్పుడూ ఓ అయిదారు బొట్లు అంటించే ఉంటాయి. అంటించినచోట అంటుకుంటుంది, లాగితే వస్తుంది, వ్యాసం మూడు మిల్లీమీటర్లు. ఫిడేలు కోసమే పుట్టినట్టుంది. ప్యాకెట్టు సంగతి అదీ.

“అడిగితే ఇవ్వనా?” అంది మా ఆవిడ. అడిగితే ఎందుకో చెప్పాలి కదా.

కొలతలో తప్పు లేదు. తప్పంతా అమల్లో వచ్చింది. నా వేలి కొస పదిహేను మిల్లీమీటర్ల వెడల్పు, బొట్టు మూడు. వేలు బొట్టు మీద పెట్టాలా, ముందు పెట్టాలా, వెనక పెట్టాలా? పెట్టగానే బొట్టు మాయం. ఇక సరిగా పెట్టానో లేదో చూడాలంటే వేలు తియ్యాలి. తీస్తే స్వరం పోతుంది. దానికితోడు మన కూర్చునే పద్ధతి. బాసింపట్టు వేసుకుని, ఫిడేలు తల కుడి పాదం మీద ఆనించి వాయిస్తామా, వంగి చూస్తే బొట్లన్నీ ఏటవాలుగా, ఉన్నచోట కాక పక్కచోట ఉన్నట్టు కనిపిస్తాయి. లెవెలింగ్ స్టాఫ్‌ని పక్కనుంచి చదివిన కొత్త కుర్రాళ్లని ఎంతమందిని తిట్టానో! ఆ ఉసురే తగిలుంటుంది. వారానికి మెడ పట్టేసింది. డాక్టరుగారు “ఏం పని ఎక్కువ చేస్తుంటారు?” అనడిగితే “మాయామాళవగౌళ” అన్నాను. ఆయన చీటీ మీద ఏం రాసుకున్నారో కనపడనివ్వలేదు.

బిరడాలది ఇంకో కథ. వానొస్తే బిగుసుకుంటాయి, ఎండకి జారతాయి. సుద్దముక్క రుద్దినా రెండు రోజులే. సా తీగ జారిందనుకోండి, బొట్టు బొట్టున్నచోటే ఉంటుంది, రిషభం ఉండదు. కిలోమీటరు రాయి పాతినచోటే ఉంది, ఊరే లేచిపోయింది. నేనేమో రాయి చూసి ఊరొచ్చిందని సంచీతో సహా దిగిపోతున్నాను.

ఈ గొడవ నాతో మొదలైంది కాదని తర్వాత చదివి కాస్త ఊరట పొందాను. 1751లో లండన్‌లో అచ్చయిన ఫిడేలు పుస్తకంలో జెమినియాని అనే ఇటలీ విద్వాంసుడు పలక బొమ్మ గీసి, అలా గుర్తులు పెట్టుకోమన్నాడు. అయిదేళ్లకే, అంటే 1756లో, లియోపోల్డ్ మోట్సార్ట్ తన పుస్తకంలో పలక మీద చీటీలంటించే మాస్టర్లని ఉతికి ఆరేశాడు. లోకమెరిగిన మోట్సార్ట్‌కి ఈయన నాన్న. కొడుకు పుట్టింది కూడా ఆ ఏడే. చెవి ఉన్నవాడికి చీటీ దండగట. లేనివాడు ఫిడేలు కింద పెట్టి గొడ్డలి పట్టుకోవడం మేలట. మోట్సార్ట్ లాంటి కొడుకున్నవాడు ఎన్నయినా అంటాడు. ఈ సంగతి మా ఆవిడకి చెప్పడం నా పొరపాటు. “గొడ్డలైతే కట్టెలైనా వస్తాయి” అంది.

అలాగని బొట్లు పూర్తిగా దండగని నేననను. మాయామాళవగౌళలో రిషభానికీ గాంధారానికీ మధ్య నాలుగున్నర సెంటీమీటర్ల ఖాళీ. ఆ మీద మధ్యమం మాత్రం గాంధారాన్ని రాసుకునే కూర్చుంటుంది. 32 ఏళ్లలో పెన్నయినా పట్టని ఎడమ చేతి వేలికి అంత చాపు చాపాలని చెప్పింది బొట్టే. అది లేకపోతే నా రెండో వేలు పెన్షనరులా సగం దారిలోనే కూలబడేది. ఇబ్బందల్లా ఎక్కడంటే, చూపుడు వేలు బొట్టు మీద పడగానే బిల్లు పాసయిపోయినట్టు చెవి సంతకం పెట్టేసి ఇంటికెళ్లిపోయేది.

మాస్టారికి అదే కనిపించింది. “కళ్లతో వాయిస్తున్నారు సార్. నాయుడుగారికి చూపు సరిగా ఆనేది కాదు. ఆయన బొట్లు చూసుకునేనా వాయించింది?” అని, నా ఫిడేలు తీసుకుని తోడి ఎత్తుకున్నారు. గాంధారం మీద వేలు ఆగలేదు. కిందకీ పైకీ ఊగుతోంది, ఊగుతూనే గాంధారంలా వినిపిస్తోంది. “దీనికి బొట్టెక్కడ పెడతారో పెట్టండి” అన్నారు. ఉయ్యాల ఊగే పెళ్లికూతురికి బొట్టు పెట్టబోయిన పేరంటాలిలా చెయ్యి చాపి కూర్చున్నాను. మూడో తరగతి పిల్ల పడీపడీ నవ్వింది. మాస్టారు ఆరు బొట్లూ ఒక్కొక్కటే పీకి, నా పుస్తకం అట్ట మీద వరసగా అంటించి ఇచ్చారు. వాటిని తెచ్చి మళ్లీ అద్దం మీద పెట్టాను. మా ఆవిడ ముట్టుకోలేదు. కమాను రజను వాసనొస్తోందట.

తర్వాత వారం సంగతి చెప్పక్కర్లేదు. అర్ధరాత్రి తారు రోడ్డే మళ్లీ. ఎక్కడ బొట్టు ఉండేదో అక్కడ మచ్చ ఉందేమోనని దొంగచూపులు చూస్తూ వాయించాను.

మొన్న రాత్రి ఏడింటికి సాధన మధ్యలో కరెంటు పోయింది. ఫోన్ ఎక్కడ పెట్టానో గుర్తులేదు, లేచే ఓపికా లేదు. చీకట్లోనే కమాను లాగాను. రి కాస్త పైన పడినట్టనిపించి వేలు వెనక్కి జరిపాను. తంబూరా యాప్ నిలిచిపోలేదు, ఏ మూల నుంచో ఆ సా వినిపిస్తూనే ఉంది. దాని పక్కకి చేరేదాకా జరిపాను. రెండో కాలం దాకా వెళ్లాను. వంటింట్లో గిన్నెల చప్పుడు కూడా ఆగింది.

ఇంతలో కరెంటొచ్చింది. నా చూపు తిన్నగా ఫింగర్‌బోర్డు మీదకి పోయింది, ధైవతం ఎటో పోయింది, పక్కింటి కుక్క లేచింది.

“ఏమండీ, ఒకసారి లైన్‌మన్‌కి ఫోన్ చెయ్యండి” అంది మా ఆవిడ లోపల్నుంచి.

“కరెంటొచ్చేసిందిగా?”

“అందుకే.”