నిర్గుణ గ్రంథాలయం

చేతిలో ఫోనుండగా ఊళ్లో గ్రంథాలయమెందుకన్న మాట ఈ వారం మళ్లీ వినబడింది. ఎవరన్నారో, ఏ వేదిక మీద అన్నారో, వెనక కుర్చీల్లోంచి ఎవరెవరు చప్పట్లు కొట్టారో పాఠకులు చూసే ఉంటారు కనుక ఆ పేర్లతో ఈ కాలమ్‌ను బరువెక్కించను. మాట విన్న కొందరు మండిపడ్డారు. తొందరపడ్డారు పాపం. ఆ పెద్దమనిషి పరిపాలన గురించి మాట్లాడుతున్నారనుకోవడం వల్ల వచ్చిన చిక్కది. ఆయన మాట్లాడింది వేదాంతం. గోడలూ బీరువాలూ బల్లలూ ఉన్నది సగుణ గ్రంథాలయం. మందబుద్ధుల కోసం, చిన్నపిల్లల కోసం, రూపం మీద మమకారం చావనివాళ్ల కోసం పెద్దలు కట్టిన తొలిమెట్టు అది. నామరూపాలు లేనిది, ఎక్కడ వెతికినా కనబడనిది, అందుచేతనే అంతటా ఉందని నమ్మవలసినది నిర్గుణ గ్రంథాలయం. తెలుగునాట రెండు రాష్ట్రాలూ, పార్టీలు మారినా పట్టు సడలకుండా, మనల్ని మొదటిదాన్నుంచి రెండోదానికి చేర్చే పనిలోనే ఉన్నాయి.

ఈ సాధనలో మెట్లున్నాయి. మొదట గ్రంథపాలకుడు రిటైరవుతాడు, ఆ ఖాళీ నింపరు. ఖాళీ కుర్చీ వైరాగ్యానికి తొలి పాఠం. తర్వాత పక్క మండలంలో ఉన్నాయనకు ఈ శాఖ కూడా తగిలించి ఇన్‌ఛార్జి అంటారు. రిజిస్టరులో చూస్తే ఆయన రెండుచోట్లా ఉంటాడు, పాఠకుడు వెళ్లి చూస్తే ఒక్కచోటా దొరకడు. సర్వాంతర్యామి అంటే ఇంకెలా ఉంటాడు? ఆపైన కొత్త పుస్తకాల కొనుగోలు ఆగుతుంది. కోరికలు నశించడమంటే అదే. పేపరు బిల్లులు పేరుకుపోయి అయిదు పత్రికలు కాస్తా రెండవుతాయి. ఆ రెంటినీ షీట్లు షీట్లుగా విడదీసి, ఒకాయన జిల్లా పేజీ, ఒకాయన సినిమా పేజీ, ఇంకొకాయన మరణవార్తలు పట్టుకుని, పక్కవాడి షీటు ఎప్పుడు ఖాళీ అవుతుందా అని ఓరగా చూస్తూ బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకే పత్రిక పదిమందిలో పది రూపాలుగా భాసించడం చూశాక కూడా అద్వైతం బోధపడకపోతే లోపం మనదే. చివరికి వానాకాలంలో పైకప్పు కారి, నవలల బీరువా తడిసి, అట్టలు ఉబ్బి, పేజీ పేజీకీ అంటుకుపోతుంది. అది విడదీయరాని ఐక్యం. గ్రంథాలయ శాస్త్రానికి అయిదు సూత్రాలు చెప్పిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లోనే పాఠకుడి కాలం ఆదా చేయాలన్నారు. అయిదింటిలో ఆ నాలుగో సూత్రాన్ని మాత్రం మనవాళ్లు నిష్ఠగా పాటిస్తున్నారు. తాళం చూసి పాఠకుడు గుమ్మంలోంచే వెనక్కి తిరుగుతాడు. అతని సాయంత్రమంతా ఆదా.

ఏ ఉపాసనకైనా ముడుపు తప్పదు. ఉమ్మడి రాష్ట్రంలో 1960లో వచ్చిన గ్రంథాలయ చట్టం కింద ఆస్తిపన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున సెస్సు వేస్తారు. 5,000 రూపాయల పన్ను పడే ఇంటి మీద అది 400. పంచాయతీలూ మున్సిపాలిటీలూ దాన్ని వసూలుచేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేయాలి. గ్రంథాలయం ఏ వీధిలో ఉందో తెలియనివాడూ కడతాడు, తన ఊళ్లో అసలు గ్రంథాలయమే లేనివాడూ కడతాడు. ఇంటివాడి జేబులోంచి బయల్దేరేటప్పుడు ఆ డబ్బుకు రూపముంది, రసీదు మీద అంకె ఉంది. స్థానిక సంస్థ ఖాతాలో పడ్డాక ఏ అవతారమెత్తుతుందో చెప్పలేం. డీజిలు కావచ్చు, కాంట్రాక్టరు బిల్లు కావచ్చు, పుస్తకం కావడం మాత్రం అరుదు. వసూలైన సెస్సు గ్రంథాలయ సంస్థలకు చేరక బకాయిలు కోట్లలో పేరుకుపోవడం రెండు రాష్ట్రాల్లోనూ ఏళ్ల తరబడి వస్తున్న వార్తే. ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో ఎవరో ఒకరు ఆ సంగతి వేదిక మీద మెల్లగా కదుపుతారు. శాలువా కప్పించుకున్న ముఖ్య అతిథి పరిశీలిస్తామంటారు. పరిశీలన కూడా ధ్యానంలో ఒక భాగమే. ఇంతకీ ఈ మతంలో నాకు నచ్చిన సంగతొకటుంది. గుడి అక్కర్లేదు, విగ్రహం అక్కర్లేదు, పూజారి అసలే అక్కర్లేదంటున్న ఈ జ్ఞానుల్లో ఒక్కరంటే ఒక్కరు కూడా హుండీ ఎత్తేద్దామనరు.

ఈ వేదాంతానికి తర్కం లేదని కొట్టిపారేయలేం. ఎవరూ రావడం లేదు కదా అన్నది వాళ్ల మొదటి వాదన. హైదరాబాదులో చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం ఆవరణలో ఒక్కసారి నిలబడితే ఆ వాదన అక్కడే ఆగిపోతుంది. గ్రూప్స్‌కీ డీఎస్సీకీ చదివేవాళ్లతో లోపలి బల్లలు నిండిపోతే మిగతావాళ్లు చెట్ల కింద చేరతారు. పక్కన టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా, ఒళ్లో పుస్తకం. అప్పుడు వాదన మారుతుంది: వీళ్లు గ్రంథాలయం పుస్తకాలు చదవడం లేదు, సొంత పుస్తకాలు సంచిలో తెచ్చుకుంటున్నారు, వాళ్లకు కావలసింది కుర్చీ మాత్రమే. నిజమే, తెచ్చుకుంటున్నారు. బీరువాలో ఉన్నది పాత సిలబస్ పుస్తకమైతే తెచ్చుకోక ఏం చేస్తారు? పోనీ కుర్చీ కోసమే వచ్చారనుకుందాం. కుర్చీ, ఫ్యాను, దీపం, నిశ్శబ్దం, ఆడపిల్లలు వాడుకోగలిగే బాత్రూము: నలుగురైదుగురు కలిసి ఒక గది అద్దెకు తీసుకుని బతికే ఊళ్లో ఇవి పుస్తకం కంటే తక్కువవేం కావు. ఆ చుట్టుపక్కల వీధుల్లో ప్రైవేటు స్టడీ హాళ్లు ఇవే నెలవారీ ఫీజు మీద అమ్ముతున్నాయి. అక్కడ డబ్బు కట్టి కూర్చున్న ప్రతి కుర్రాడి జేబులోనూ ఫోనుంది. ఫోనే గ్రంథాలయమైతే ఆ హాళ్లు ఎప్పుడో మూతపడి ఉండాలి. మన జ్ఞానులకు అర్థంకాని సత్యం ఆ హాలు యజమానికి ఎంచక్కా అర్థమైంది, నెలనెలా ఫలిస్తోంది కూడా.

పిల్లలు రావడం లేదన్న మాటలో కొంత నిజముంది. శాఖా గ్రంథాలయం తెరిచి ఉండే వేళల్లో పిల్లలు బళ్లో ఉంటారు, పిల్లలు ఖాళీగా ఉండే వేళకు తాళం పడుతుంది. బాలల పుస్తకాలు అద్దాల బీరువాలో, ఆ బీరువా తాళంచెవి ఇన్‌ఛార్జి సంచిలో, ఆ సంచి పక్క మండలంలో. పుస్తకం పేరు తెలిసినవాడే ఫోనులో వెతకగలడు. ఏం కావాలో తనకే తెలియని ఎనిమిదేళ్ల పిల్ల బీరువా ముందు చతికిలబడి, బొమ్మ బాగుందని ఒకటి లాగి, నాలుగు పేజీలు తిప్పి, నచ్చక ఇంకొకటి లాగితేనే చదువరి అవుతుంది. పిల్లలు ఫోన్లకు బానిసలైపోతున్నారని సభల్లో వాపోయేదీ ఈ పెద్దలే, గ్రంథాలయం బదులు ఫోను చూసుకోమనేదీ ఈ పెద్దలే. ఇక డిజిటల్ సంగతి. పాత పత్రికలు, అరుదైన పుస్తకాలు స్కానై ఇంటికొస్తున్నాయంటే పరిశోధన చేసేవాళ్లకు అది వరమే, కాదనను. అయితే స్కాన్ చేయడానికి వాటిని దాచినవాళ్లెవరు? వేటపాలెం సారస్వత నికేతనం లాంటి చోట్ల బీరువాల్లో పురుగు పట్టకుండా కాపాడినవాళ్లు. పైగా ఇంటికొక ఫోనంటే పిల్లకొక ఫోను కాదు. 2020లో బడులు మూసి పాఠాలు ఫోనుకెక్కించినప్పుడు ఆ ఒక్క ఫోనూ తండ్రితోపాటు పనికి వెళ్తే ఇంట్లో పిల్ల పాఠం ఆగిపోయింది. అంతలోనే ఎలా మరిచారు?

ఎవరూ రారు కాబట్టి ఎందుకనే లెక్క మనకు ముందటివాళ్లకు కూడా వచ్చు. నూటికి పదిమందికైనా చదవడం రాని కాలం వాళ్లది. అయినా 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టారు. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య పూనుకుని గ్రంథాలయాలవాళ్లందరినీ బెజవాడలో ఒకచోట కూర్చారు. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం వెలిసింది. కృష్ణా డెల్టాలో పాఠకులు గ్రంథాలయానికి రాలేకపోతే 1935లో పాతూరి నాగభూషణం గ్రంథాలయాన్నే పడవెక్కించి కాలువ మీద ఊళ్లకు పంపారు. సభ పెట్టుకోవాలన్నా అనుమతి అడగవలసిన నిజాం రాజ్యంలో పల్లెల్లో కూడా చందాలు వేసుకుని పుస్తకాలు తెప్పించుకున్నారు. ఇవేవీ సర్కారు దయతో పుట్టలేదు. జనం కట్టుకున్నవి. సొంత రాజ్యం వచ్చింది కదా, ఇక చూసుకుంటారని ఆ పనిని సర్కారుకు అప్పగించారు. చూసుకున్నది ఇదీ.

ఒకే గదిలో అయిదుగురు పడుకునే ఇంట్లో పదో తరగతి పిల్ల సాయంత్రం ఎక్కడ కూర్చుని చదవాలి? ఆ పిల్ల తండ్రి ఇంటిపన్నుతోపాటు సెస్సు కట్టాడు. కట్టకపోతే నోటీసు పంపేవాళ్లు, వడ్డీ వేసేవాళ్లు. ఆయన దగ్గర ముక్కుపిండి వసూలు చేసిన డబ్బు జమచేయకుండా మింగింది మీరు. మనిషిని పెట్టనిది మీరు, కప్పు వేయించనిది మీరు, తాళం పెట్టింది మీరు. ఇప్పుడు అదే గుమ్మం ముందు నిలబడి ఎవరూ రావడం లేదేమిటని అడగడానికి సిగ్గుండాలి. గ్రంథాలయాలు వద్దనుకుంటే శాసనసభలో లేచి నిలబడి ఆ మాటే చెప్పండి. చట్టం రద్దుచేయండి, సెస్సు ఆపండి, ఇన్నాళ్లూ ఆ పేరు చెప్పి తీసుకుని దారి మళ్లించినదంతా లెక్కగట్టి ఇంటింటికీ తిప్పివ్వండి. ఆ ధైర్యం లేదంటారా, ప్రతి మున్సిపాలిటీ, ప్రతి పంచాయతీ ఎంత వసూలుచేసింది, ఎంత జమచేసింది, తక్కినది ఏ పద్దు కింద ఖర్చయిందన్నది రాసి గ్రంథాలయం తలుపుకు అతికించండి. తలుపు తీయకపోయినా ఫర్వాలేదు, బయట నిలబడి చదువుకుంటాం.