బేస్ గిటారు ఫ్రెట్లు పెఱుకుట: టీకా తాత్పర్య సహితము

తే.గీ. మెట్లు వేడిచేసి పెఱికి మెల్ల మెల్ల
గాళ్లు పూడిచి పలకకు గరుకు తీసి
గీత నంటిన వేలికె గెలుపు గలదు
చెవియె గురువయ్యె నికమీద శిష్య! వినుము

అవతారిక: 1951లో లియో ఫెండర్ బేస్‌ను గిటారు ఆకారానికి తెచ్చి, మెడకు లోహపు మెట్లు దిగగొట్టి, ఇక స్వరం తప్పదన్న ధీమాతో దానికి ప్రెసిషన్ బేస్ అని పేరు పెట్టెను. పదేళ్లు తిరిగేసరికి ఆ ధీమాను పట్టకారుతో పీకువారు బయలుదేరిరి. 1961లో, తరువాత రోలింగ్ స్టోన్స్ బేసిస్టు అయిన బిల్ వైమన్ కొత్త ఫ్రెట్లు వేయుటకై పాతవి తీసి, ఆ నాదం నచ్చి అట్లే ఉంచేసెను. అట్టి సాహసికునికి కవి ఉపదేశించుచున్నాడు.

ప్రతిపదార్థము: శిష్య = గిటారుండి మనశ్శాంతి ఎక్కువైన ఓయీ; మెట్లు = ఫ్రెట్లను; వేడిచేసి = సోల్డరింగ్ ఐరన్‌తో కాచి; మెల్ల మెల్ల = చెక్క పెచ్చులు లేవకుండ; పెఱికి = మూతి చదునుగా అరగదీసిన పట్టకారుతో ఊడదీసి; గాళ్లు = మిగిలిన సన్నని చీలికలను; పూడిచి = పలుచని చెక్కముక్కలతోనో, చెక్కపొడి కలిపిన ఎపాక్సీతోనో నింపి; పలకకు = ఫింగర్‌బోర్డుకు; గరుకు తీసి = ఉప్పుకాగితంతో నునుపు చేసి; గీతన్ = పూడ్చినచోట కనబడు చారను; అంటిన వేలికె = సరిగ్గా దానిపై వాలిన వేలికే; గెలుపు = శ్రుతిశుద్ధి; కలదు = దొరకును; ఇకమీదన్ = ఫ్రెట్లు పోయిన పిదప; చెవియె = నీ చెవే; గురువయ్యెన్ = గురువైనది; వినుము = వాయించుటకన్న ముందు వినుము.

తాత్పర్యము: పీకుట ఒకటి రెండు పూటల పని; పలికించుట ఏళ్ల పని.

విశేషములు: 1. “మెల్ల మెల్ల” అనుట బేసిస్టు జాకో పాస్టోరియస్ భక్తులకు హెచ్చరిక. ఆ మహానుభావుడు తన 1962 నాటి జాజ్ బేస్ ఫ్రెట్లను వెన్నకత్తితో లేపి, పడవలకు పూయు ఎపాక్సీ పట్టించెనని ప్రతీతి. 1976లో వచ్చిన ఆయన తొలి ఆల్బమ్ విన్నవారెందరో వంటింట్లోకి పరుగెత్తిరి. కత్తి అందరికీ దొరకును, ఆ చెవి దొరకదు.

2. “గీత నంటిన”: ఫ్రెట్లున్నప్పుడు వేలు మెట్టుకు కాస్త వెనుక నొక్కిన చాలును, తీగను కొలిచి తెంచు పని లోహానిది. అది పోగా, తీగ వేలి నుండే కంపించి చెక్కను ఒరసికొనుచు “మ్వా” అని మూలుగును. ఆ మూలుగు కొఱకే ఇంత తంటా. 34 అంగుళాల బేస్‌పై మొదటి మెట్టు దగ్గర వేలు 5 మిల్లీమీటర్లు జారిన, తప్పు అరస్వరంలో సుమారు పదోవంతు. పన్నెండో మెట్టు దగ్గర అదే జారుడుకు ఐదోవంతు. పైకి పోవుకొలది క్షమ తగ్గును.

3. గీత ఉండగా చెవి ఎందుకని పూర్వపక్షము. మెడను ఓరగా చూచు కంటికి గీత పక్కకు కనబడును. కావున “చూచిన” అనక “అంటిన” అనెను. సాధనక్రమం: A తీగను ఖాళీగా మోగనిచ్చి, దాని పక్కనున్న E తీగపై ఐదో గీత వద్ద అదే స్వరం పట్టవలెను. రెంటి మధ్య అలలు కొట్టుకొనుట ఆగినచోటే వేలికి స్థానము. తప్పును గమకంతో కప్పువారు కలరు. అది తప్పును సాగదీయుటయే.

4. కవి విడిచినవి: ఫ్రెట్ల ఎత్తు పోవుటచే మెడ కొసన తీగలు ఆను నట్ గాళ్లు లోతు చేయవలెను, మెడలోని ట్రస్ రాడ్ సరిచూడవలెను. ఎపాక్సీ పూయనిచో గరుకైన రౌండ్‌వౌండ్ తీగలు రోజ్‌వుడ్ పలకను కోసివేయును; నునుపైన ఫ్లాట్‌వౌండ్ తీగలు మేలు.

ఫలశ్రుతి: ఇది చదివి ఉత్సాహము కలిగిన పాఠకుడు తన మంచి బేస్ జోలికి పోక, మూలబడిన చవక గిటారుపై మొదట చేయి చేసుకొనవలెను. పెచ్చు లేచిన పలకకు తిరిగి ఫ్రెట్లు కొట్టించుట, ఫ్రెట్లులేని బేస్ కొనుటకన్న ఖర్చు కావచ్చును.