అరకులో మనకో గజం

తెలుగువాడికి ఒక కొండ నచ్చిందంటే ముందు దానికి వేరే కొండ పేరు తగిలిస్తాడు. అరకు ఆంధ్రా ఊటీ. మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్ కూడా ఆంధ్రా ఊటీయే. ఒకే రాష్ట్రానికి రెండు ఊటీలేమిటని ఎవరూ పేచీ పెట్టలేదు. లంబసింగి అలగకుండా దానికి ఆంధ్రా కశ్మీర్ ఇచ్చి పంపకాలు సజావుగా ముగించారు. పేరు పెట్టడం అయిపోయాక ఇక మిగిలేది ప్లాటు కొలవడం.

మా బావమరిది ప్రస్తుతం టేపు పట్టుకుని ఉన్నాడు. వాడికి మధురవాడలో ఫ్లాటుంది. దానికి రెండు బాల్కనీలు. ఒక బాల్కనీలోంచి పక్క అపార్ట్‌మెంటు వాళ్ల వంటగది కనిపిస్తుంది, రెండోదాంట్లోంచి వినిపిస్తుంది కూడా. "వైజాగ్ పాడైపోయింది బావా. ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి పడ్డారు. రేట్లు పెంచేశారు. గాలి లేదు, నీళ్లు లేవు" అంటాడు. వాడు గుంటూరు నుంచి వచ్చి పడ్డవాడే. ఆ మాట నేను అనను. వాడు నా భార్యకు తమ్ముడు, నేను ఆ ఇంట్లో భోంచేయాలి.

కాబట్టి వాడు అరకు వెళ్లిపోదామని నిర్ణయించాడు. పూర్తిగా కాదు, శని ఆదివారాలు మాత్రమే. విశాఖకు దాదాపు 115 కిలోమీటర్లు, అనంతగిరి ఘాటు ఎక్కగానే కారు అద్దాలు దించేయొచ్చు. కాఫీ తోట పక్కన చిన్న ఇల్లు, ముందు ఊయల, వెనక మంచు. "జనం లేని చోట బావా!" అన్నాడు. అక్కడ జనం ఉన్నారని, వాళ్లు అక్కడే పుట్టారని, వాళ్లను కొండదొర, భగత, కోటియా, వాల్మీకి, పోరజ, గదబ అని రకరకాలుగా పిలుస్తారని చెప్పాను. "వాళ్లు కాదు బావా, జనం" అన్నాడు.

అసలు ఊటీ ఎలా పుట్టిందో చెబితే బుద్ధి తెచ్చుకుంటాడేమోనని ఆ కథ ఎత్తాను. 1820లలో కోయంబత్తూరు కలెక్టరు జాన్ సలివన్‌కు నీలగిరుల చలి నచ్చింది. ఆ కొండల మీద గేదెలు కాచుకునే తోడాల దగ్గర ఎకరం రూపాయి చొప్పున భూమి కొని రాతి ఇల్లు కట్టాడని చెబుతారు. ఆయన వెనక దొరలు, దొరల వెనక దొరసానులు, వాళ్ల వెనక క్లబ్బు, క్లబ్బు వెనక వేసవి మకాముకు ఏకంగా మద్రాసు ప్రభుత్వం. ఇప్పుడు ఆ ఊరికి కారులో వెళ్లాలంటే ఈ-పాస్ కావాలి. 2024 మేలో మద్రాసు హైకోర్టు ఆ ఏర్పాటు పెట్టించింది. 2025 ఏప్రిల్ నుంచి మామూలు రోజుల్లో 6 వేల బళ్లు, శని ఆదివారాల్లో 8 వేల బళ్లు, అంతకు మించి ఎక్కనివ్వొద్దంది. చల్లదనం కోసం కట్టిన ఊరికి ఊపిరాడక కోర్టు చేత విసనకర్ర పట్టించుకున్న కథ ఇది.

బావమరిది శ్రద్ధగా విన్నాడు. "ఎకరం రూపాయా!" అన్నాడు. ఆ తర్వాత నేను చెప్పిందేదీ వాడి చెవికెక్కలేదు.

చట్టం సంగతి మాత్రం వాడికి బ్రోకరే చెప్పాడు. కొండ మీద బ్రోకరుకు తెలిసినంత చట్టం మైదానంలో ప్లీడరుకు కూడా తెలియదు. అరకు రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు కింద ఉన్న ఏజెన్సీ ప్రాంతం. అక్కడ గిరిజనుడి భూమి గిరిజనేతరుడు కొనకూడదు. సరే, ఎప్పుడో స్థిరపడిన గిరిజనేతరుడి భూమి కొందామంటే అదీ కుదరదు. 1970 నాటి ఒకటో రెగ్యులేషన్, అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అనేది, అమ్మేవాడు ఎవరైనా సరే కొనేవాడు గిరిజనుడో, అచ్చంగా గిరిజనుల సహకార సంఘమో అయి ఉండాలంటుంది. గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే అది గిరిజనుడి నుంచి వచ్చిందేనని ముందే అనుకుంటుంది, కాదని రుజువు చేసుకోవలసింది వాడే. పోనీ లీజు? లీజూ బదిలీయే. తాకట్టు? అదీ బదిలీయే. గిరిజనుడి పేరు మీద పెట్టి మనం అనుభవిస్తే? ఆ తెలివితేటల్ని కూడా వాళ్లు అప్పుడే ఊహించి బినామీ అని రాసిపెట్టారు.

"పోనీ ప్రభుత్వం దగ్గరే లీజు తీసుకుంటే?" అన్నాడు బావమరిది. పట్టువదలని వాడు. దీనికి జవాబు 1997లో సుప్రీంకోర్టు చెప్పింది, అదీ అరకు పొరుగునే ఉన్న బొర్రా గుహల చుట్టుపక్కల గనుల లీజుల గొడవలో. సమత అనే సంస్థ కోర్టుకెక్కితే, చట్టంలో 'వ్యక్తి' అన్న చోట ప్రభుత్వం కూడా వస్తుందని, ఏజెన్సీలో భూమిని గిరిజనేతరులకు లీజుకివ్వడం దానికీ చెల్లదని తీర్పు వచ్చింది. అంటే కొండెక్కితే సర్కారు కూడా మా బావమరిది లాంటిదే. ఈ పోలిక వాడికి చాలా నచ్చింది.

ఇంత బందోబస్తు చట్టానికి శిక్ష ఏమిటో చూడండి. 1978లో చేర్చిన సెక్షను ప్రకారం ఏడాది దాకా జైలు, లేదా రెండు వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. డిసెంబరు నెలాఖరున అరకులో మంచి గది ఒక రాత్రికి రెండు వేలకు దొరికితే నాకు ఫోన్ చేయండి. చట్టం తప్పి కట్టిన రిసార్టు యజమాని జైలు తప్పించుకుంటే చాలు, జరిమానా సొమ్ము ఒక గది ఒక రాత్రి వేడినీళ్లతో సహా రాబట్టేస్తుంది.

అయినా అరకులో చట్టం తప్పినవాళ్లెవరూ లేరు. కాగితాలు తీసి చూడండి, రిసార్టులన్నీ గిరిజనులవే. కరెంటు మీటరు వాళ్ల పేరు, పంచాయతీ పన్ను వాళ్ల పేరు. ఒక యజమాని గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంటాడు. కారు వస్తే లేచి గొలుసు తీస్తాడు, దిగినవాళ్ల సూట్‌కేసు తన కాటేజీలోకి తనే మోస్తాడు, టిప్పిస్తే దండం పెడతాడు. ఇంకో యజమానురాలు తన సొంత రిసార్టులో దుప్పట్లు ఉతుకుతుంది. నెల తిరిగేసరికి యజమానులకు జీతాలిచ్చేది విశాఖలోనో విజయవాడలోనో ఉన్న 'స్నేహితుడు'. నిజంగా సొంతానికి రెండు గదులు వేసుకుని, సొంత చేత్తో వండిపెట్టే గిరిజన కుటుంబాలు లేకపోలేదు. వాళ్లను గుర్తుపట్టడం తేలిక. వాళ్ల బోర్డు చిన్నది, స్విమ్మింగ్ పూల్ ఉండదు, ఆన్‌లైన్ రేటింగులో రెండు చుక్కలు తక్కువ.

వచ్చేవాళ్ల సంగతికొద్దాం. వీళ్లు నిశ్శబ్దం కోసం వస్తారు. నిశ్శబ్దం మరీ ఎక్కువగా ఉంటే ఇబ్బంది అని స్పీకర్ తెచ్చుకుంటారు. లంబసింగిలో గుడారాల మధ్య క్యాంప్‌ఫైర్ వేసి, చలి కోసం ఇంత దూరం వచ్చి, చలి పోయేదాకా దాని చుట్టూ గెంతుతారు. పాడేరు దగ్గర వంజంగి కొండను తెల్లవారుజామునే ఎక్కి మేఘాల సముద్రాన్ని చూస్తారు. అంటే ఫోన్లు చూస్తాయి, వీళ్లు ఫోన్లను చూస్తారు. మేఘాలు విడిపోయాక కింద నీళ్ల సీసాలు, చిప్స్ ప్యాకెట్లు బయటపడతాయి. వాటిని చూడటానికి మాత్రం ఎవరూ ఆగరు.

శీతాకాలం మొదట్లో వలిసె పూలు పూస్తాయి. కొండవాలంతా పసుపు పరిచినట్టుంటుంది. అది నూనెగింజల పంట, గిరిజన రైతు తిండికీ అమ్మకానికీ వేసుకున్న చేను. దాంట్లో దిగి, పడుకుని, దొర్లి, పెళ్లికి ముందు ఒకసారి, పెళ్లయ్యాక ఒకసారి ఫోటోలు తీయించుకునేవాళ్ల తాకిడి చూసి రైతులు చేను చుట్టూ తాడు కట్టి మనిషికి పదో ఇరవయ్యో వసూలు చేయడం మొదలుపెట్టారు. దీని మీద బావమరిదికి ధర్మాగ్రహం వచ్చింది. "చూశావా బావా, గిరిజనులు ఎంత కమర్షియల్ అయిపోయారో! ప్రకృతికి టికెట్టా?" అన్నాడు. ఆ మాట అన్నది ఒక రిసార్టు భోజనాల గదిలో కూర్చుని. ఎదుట వెదురు బొంగులో చికెన్. దాని ధరకు సంతలో బతికున్న నాటుకోళ్లు, జత, వచ్చుండేవి.

ఇల్లు అద్దెకు కావాలని ఇప్పుడు ఈ ఊళ్లలో అడిగితే ఎదురు ప్రశ్న వస్తుంది: "నెలకా, రాత్రికా?" నెలకన్నవాడి ముఖం చూసి జాలిపడతారు. పాపం ఏ టీచరో, నర్సమ్మో, బ్యాంకు గుమస్తానో అనుకుంటారు. నెలంతా ఒక కుటుంబం ఉంటే వచ్చే అద్దె, సంక్రాంతి మూడు రోజుల్లో వచ్చేస్తుంటే మిగతా ఇరవై ఏడు రోజులు గదికి తాళం వేసి ఉంచడమే లాభం. పర్యాటకులకు వండిపెట్టేవాడు, గది ఊడ్చేవాడు, జీపు నడిపేవాడు మాత్రం రోడ్డు దిగి, వాగు దాటి, గుట్ట వెనక గ్రామం నుంచి పొద్దున్నే నడిచి రావాలి. ఊరు రోడ్డు పొడుగునా పెరుగుతుంది, ఊరివాళ్లు రోడ్డుకు దూరంగా జరుగుతారు.

రోడ్లంటే గుర్తొచ్చింది. వ్యూపాయింటుకు రోడ్డు వేయడం అభివృద్ధి. అది వెంటనే జరిగే పని. గర్భిణిని డోలీలో మోసుకొచ్చే గ్రామానికి రోడ్డు వేయడం ప్రతిపాదన. అది పరిశీలనలో ఉంటుంది. డోలీ కట్టిన వాళ్లు తారు రోడ్డు చేరేసరికి ఎదురుగా ఘాటు ట్రాఫిక్‌లో కార్లు బారులు తీరి ఉంటాయి. ఆ కార్లలోంచి దిగి కొందరు డోలీని ఫోటో తీస్తారు, అదో గిరిజన సంప్రదాయం అనుకుని.

అరకును పట్టాలెక్కించిన రైలు కూడా ఊరి కోసం వేసింది కాదు. కొత్తవలస–కిరండూలు లైను 1960లలో బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని జపానుకు పంపడానికి వేశారు. 58 సొరంగాలు తవ్వారు. 2017లో ఆ లైను మీద అద్దాల విస్టాడోమ్ పెట్టె నడిచింది. అంతకుముందు కొండను కింది నుంచి పట్టుకుపోయేవారు, ఇప్పుడు పైనుంచి చూస్తూ పట్టుకుపోతున్నారు. కాఫీదీ అంతే. 2017లోనే అరకు కాఫీ పారిస్‌లో దుకాణం తెరిచింది, 2019లో జీఐ గుర్తింపు వచ్చింది, 2025లో పార్లమెంటు ఆవరణలో స్టాల్ పెట్టారు. కాఫీ అన్ని చోట్లకూ వెళ్లొచ్చింది. గింజ కోసిన మనిషి సంతలో టీ తాగుతున్నాడు.

2025 మొదట్లో శాసనసభ స్పీకరు టూరిజం పెరగాలంటే ఈ 1/70ని సవరించాలన్న అర్థంలో మాట్లాడారు. ఏజెన్సీ భగ్గుమంది. ఫిబ్రవరిలో రెండు రోజులు బంద్ చేశారు, దుకాణాలు మూశారు, బస్సులు ఆపారు. చట్టాన్ని తీసేయబోమని ముఖ్యమంత్రి ప్రకటించవలసి వచ్చింది. ఆ రెండు రోజులూ పర్యాటకులు లేక అరకు నిజంగానే ప్రశాంతంగా ఉండి ఉంటుంది. దాన్ని చూసే భాగ్యం మాత్రం పర్యాటకులకు దక్కలేదు.

కొండకొచ్చిన కొత్తవాళ్లందరూ ఒకటే అని నేననను. మైదానం నుంచి వచ్చిన ఒకాయన పేరునే 2022లో ఈ జిల్లాకు పెట్టారు. అల్లూరి సీతారామరాజును కుదురుగా సేద్యం చేసుకోమని అప్పటి ప్రభుత్వం పైడిపుట్టలో పొలం ఇప్పించింది. ఆయన ఆ పొలం వదిలేసి 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్‌స్టేషన్ల మీదికి వెళ్లాడు. లంబసింగి ఉన్నది ఆ చింతపల్లి మండలంలోనే. బావమరిదికి ఈ చరిత్ర చెప్పాను. కాసేపు గంభీరంగా ఉండి, "పొలం వదిలేశాడా? ఇప్పుడది ఎవరి పేరు మీదుంది బావా?" అన్నాడు.

మొత్తానికి వాడికో పేరు దొరికింది. మంచివాడట, మాట తప్పడట, ఎక్కువ మాట్లాడడట. డబ్బు వీడిది, పట్టా అతనిది, మధ్యలో తెల్లకాగితం మీద ఒక ఒప్పందం. పునాదులు లేచాయి, గోడలు లేచాయి, గేటు కూడా బిగించారు. మొన్న అర్ధరాత్రి ఫోన్ చేశాడు.

"బావా, ఆ కాగితం కోర్టులో చెల్లుతుందా?"

"చెల్లదు. పైగా చూపించావంటే వన్ ఆఫ్ సెవెంటీ కేసు నీ మీదే."

"సిమెంటు నాది, ఇనుము నాది. రేపతను ఇల్లు నాదంటే?"

"అతనిదే కదా."

"గేటేసుకుంటే?"

"గేటూ అతనిదే."

అటువైపు చాలాసేపు మాటలేదు. "మరి నేను లోపలికి వెళ్లాలంటే ఎలా?" అన్నాడు.

"ఆన్‌లైన్‌లో గది బుక్ చేసుకో. సంక్రాంతికైతే ఇప్పుడే చూసుకో, రేటు మూడింతలవుతుంది."

"మన ఇల్లే కదా బావా" అన్నాడు ఏడుపుగొంతుతో, "డిస్కౌంటేమైనా ఇస్తాడంటావా?"