తిత్తి సూత్రానికి దింపు వ్యాఖ్య

మూలం: నెల రాబడిలో సగం అవసరాలకు, నూటికి ముప్ఫై కోరికలకు, ఇరవై పొదుపుకు.

అవతారిక: ఈ సూత్రం అమలాపురంలో ఒక చల్లటి హాల్లో, సమోసా పొట్లంతో పాటు పంచిన కరపత్రం మీద నాకు లభించింది. బోధకుడు టై కట్టిన కుర్రాడు, పేరు అనవసరం. "ఇంట్లో పద్దు రాసుకోకపోవడమే మీ సమస్య అంకుల్" అన్నాడు. క్యాలెండరు వెనకవైపు పాల లెక్క, చాకలి లెక్క, ఒలుపు లెక్క రాసి రాసి మా అమ్మ గోడకి మేకులరిగించింది. ఒళ్ళు మండి ఈ వ్యాఖ్యకు పూనుకున్నాను. మూలంలో లేనిది రాయనని మాటిచ్చి మరీ టీకలు రాసినవాడు మల్లినాథసూరి. మెదకు సీమ కొలిచెలమవాడు. అంత మాట నేనివ్వలేను.

సూత్రకర్త్రులు అమెరికావారు ఎలిజబెత్ వారెన్, ఆమె కూతురు అమీలియా. గ్రంథకాలం 2005. తల్లి దివాలా చట్టం బోధించిన ఆచార్యురాలు. జీతం రాళ్ళు నెల తిరిగేసరికి చేతిలో పడే ఇళ్ళ కోసం రాశారు, అందులో తప్పేం లేదు. దాన్ని ఏటిగట్టు దాటించి మోసుకొచ్చినవాడితోనే నా తగువు.

టీక: 'సగం', 'ఇరవై' సుగమములు. 'బడ్జెట్' పరభాషాపదం, పాత ఫ్రెంచిలో చిన్న తోలుసంచి అని అర్థం. అంటే తిత్తి. శాసనసభలో "తిత్తి ప్రవేశపెడుతున్నాను" అంటే అర్థం చెడదు, గౌరవమే కాస్త తగ్గుతుంది.

'రాబడి' అనగా ఆదాయం. దీనికి ప్రమాణగ్రంథం పంచాంగం. ఉగాదినాడు పన్నెండు రాశులకూ ఆదాయ వ్యయాలు పైకి చదివేస్తారు. అంకెలు ఐదే: 2, 5, 8, 11, 14. మేష వృశ్చికాలు రెండూ కుజుడివి గనుక ఆ ఇద్దరికీ ఒకటే పద్దు. వృషభ తులలకు శుక్రుడి పద్దు. ఆదాయం 2, వ్యయం 14 అని గుడి మండపంలో పదిమందిలో విన్నవాడు కూడా తలొంచుకోడు, పచ్చడి ఇంకో దొన్నె అడుగుతాడు. లోటును అంత నిబ్బరంగా ప్రకటించే శాస్త్రం ఇంకొకటి నేనెరగను. పక్కనే రాజపూజ్యం, అవమానం అని ఇంకో రెండు పద్దులుంటాయి. ఏ దేశపు ఆర్థికమంత్రయినా అవమానానికి ఇంతని కేటాయించాడా? బ్యాంకులో అప్పు కోసం కూచున్న రైతుకి అన్నిటికన్నా ముందు ఖర్చయ్యేది ఆ ఖాతాలోదే. ఎక్కడున్నాం? రాబడి దగ్గర.

'కోరిక': ఇక్కడ వ్యాఖ్యాతలకు ఏకాభిప్రాయం లేదు. గోదారికి ఎర్రనీరు తగలగానే పులస ఎదురీదుకుంటూ వస్తుంది. సూత్రం ప్రకారం అది కోరిక. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న సామెత ప్రకారం మాత్రం పుస్తెలు పొదుపు, పులస అవసరం, మధ్యలో జరిగింది పద్దు మార్పిడి. సామెతే బలీయమని నా మతం. మా ఆవిడ మతం వేరు. పుస్తెలు ఆవిడవి.

'నెల' అంటే చంద్రుడు. అసలు చిక్కంతా ఈ పదం దగ్గరే. కొబ్బరితోటకి చంద్రుడితో పని లేదు. నెలన్నరకో రెండు నెలలకో ఒక దింపు. ఎక్కుబడి కూలి, ఒలుపు కూలి, మోత కూలి చేతిలో పెట్టాక, అంబాజీపేట మార్కెట్‌లో వెయ్యి కాయలకి ఆవేళ ఎంతంటే అంత. కాయ విరగదిగిన దింపుకి ధర ఉండదు, ధర ఉన్నప్పుడు చెట్టు మీద కాయ ఉండదు. దీనికి సగమెంతో, ముప్ఫై ఎంతో ముందే ఎలా గీసుకోను?

'పొదుపు' అంటే మా దగ్గర చెట్టు. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకి ఆ పొదుపు వేళ్ళతో సహా నేలమీద పడుకుంది. మళ్ళీ పాతిన మొక్క కాపుకి రావడానికి ఏళ్ళు పట్టింది. అన్నేళ్ళూ కోనసీమ ఇళ్ళు ఏ ఇరవై శాతం మీద బతికాయో ఆ కుర్రాణ్ణి అడగాల్సింది, సమోసా నోట్లో ఉండి అడగలేకపోయాను.

పద్దు రాయడం రాదట మాకు! 2011లో క్వింటాలు ధాన్యానికి మద్దతు ధర సాధారణ రకానికి 1080 రూపాయలు. ఎరువు, కూలి, ముంపు అన్నీ కలిపి కోనసీమ రైతు పద్దు వేశాడు. వేసి, ఆ ఖరీఫ్‌కి వేలాది ఎకరాల్లో నాట్లు మానేశాడు. పంట విరామం అన్నారు దాన్ని. ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. పండించే ఇల్లు పండించకపోవడమే లాభమని తేలిందంటే అది లెక్క రాక కాదు నాయనా, లెక్క సరిగ్గా వచ్చి.

గద్య: ఇది గౌతమీ వసిష్ఠల నడుమ నివసించువాడును, గత దింపు కూలి ఇంకను బాకీయున్నవాడును అగు ఒకానొకనిచే రచింపబడిన దింపు వ్యాఖ్యయందు పూర్వార్ధము. ఉత్తరార్ధము కాయ అమ్ముడైన పిదప.