ఉండిపోయెడి పెద్దమనిషి

పోర్చుగీసు భాషలో ‘ఫికార్’ అను క్రియ యొకటి కలదు. ఉండుట, నిలిచిపోవుట, మిగులుట, ఒక స్థితిని విడిచి వేరొక స్థితిని పొందుట – ఇన్ని యర్థములను ఒంటిగా మోయుచున్న ఆ క్రియను నేర్వగోరు పరదేశి నిఘంటువుతో కుస్తీ పట్టనక్కరలేదు. లిస్బన్ నగరమున ఏ మధ్యతరగతి గృహమునకైనను ఆదివారము మధ్యాహ్న భోజనమునకు విచ్చేసి, దీపములు పెట్టిన పిదపను లేవని పెద్దమనిషి నొకనిని శ్రద్ధతో పరికించిన చాలును. మన తెలంగాణమున ‘ఫికరు’ అనగా చింత. ఆ మాటకును ఈ క్రియకును చుట్టరికమేమియు లేదు. ఈయనకును చింతకును అంతకన్నను లేదు, అది యంతయు ఇంటివారి పాలు.

స్టేషనెక్కడ, చర్చి యెక్కడ అని యడుగవలసినప్పుడు పోర్చుగీసువారు ఈ క్రియనే వాడుదురు. కదలనివాని యునికిని చెప్పుటకు అది తగినది. ఆయన సోఫాలో ఆసీనుడైన తీరు చూచినవారికి ఆ ప్రయోగము ఆయనకును నిరాక్షేపముగా చెల్లుననిపించును. గృహస్థు మర్యాదకై ‘ఫీక్ ఆ వొంతాద్’ – స్వేచ్ఛగా నుండుడు – అని యొక్కసారి యనును. అది నోటిమాట, ఆయన దానిని తామ్రశాసనముగా స్వీకరించును.

ఈ క్రియకు ‘దె’ చేర్చినచో ఒక పని చేయుదునని మాట యిచ్చుట యగును: ఫోను చేయుదునని, బాకీ తీర్చుదునని, పుస్తకము తెచ్చి యిచ్చుదునని. మాట యిచ్చినట్లే గాని నిలుపుకొన్నట్లు ఆ ప్రయోగము సాక్ష్యము చెప్పదు; దానియందు ఆయనకు గల మక్కువకు కారణ మిదియే. ‘కొం’ చేర్చినచో తనయొద్ద నుంచుకొనుట, ‘సెం’ చేర్చినచో లేక మిగులుట. వాన వెలసిన పిమ్మట గొడుగు విషయమున మొదటిది ఆయనకును, రెండవది గొడుగు యజమానునికిని అన్వయించును. ఆ యజమానుని గూర్చి లోకులు ‘ఓడలను చూచుచు మిగిలిపోయె’నందురు, ఆశించినది దక్కనివారిని గూర్చి అచటి జాతీయమది. ఆకలి గొనుటను చెప్పుటకును ఈ ‘కొం’యే కావలెను, అది ఆయనకు రాత్రి భోజనవేళకు తప్పక కలుగును.

బ్రెజిల్ దేశపు యువజనులు, ఏ బంధమును లేక ఒక సాయంకాలపు ముద్దుముచ్చటతో ముగిసిపోవు ప్రణయమునకును ఈ క్రియనే వాడుదురని విని ఆయన మిక్కిలి నొచ్చుకొనెను. ఉండుట యనగా నేమో ఆ కుర్రవాండ్రకు తెలియదని ఆయన యభిప్రాయము. ఈ యొక్క విషయమున నేను ఆయన పక్షమే.

ఎవరైనను గడియారము వంక చూచినచో, ఆయన చరిత్ర నెత్తుకొనును. లిస్బన్‌లోని కోర్తెస్ సభ స్వదేశమునకు రమ్మని యాజ్ఞాపించినను, 1822 జనవరి 9న రాజకుమారుడు దోం పెద్రో తాను రియో డి జనీరోలోనే ఉండిపోవుచున్నానని ప్రకటించెననియు, ‘ఫీకు’ అను ఆ యొక్క మాట పేరిటనే ఆ దినము నేటికిని ప్రసిద్ధమనియు, ఆ యేడు సెప్టెంబరులోనే బ్రెజిల్ స్వాతంత్ర్యము ప్రకటింపబడెననియు, కాలు మీద కాలు వేసికొని, సావకాశముగా వివరించును. ఉండిపోవుట వలన సామ్రాజ్యములే వెలసినప్పుడు ఒక పూట భోజనమెంతటిదని తాత్పర్యము. ఆ పెద్రోయే 1831లో సింహాసనమును విడిచి ఐరోపాకు ఓడ యెక్కెనను సంగతిని మాత్రము ఆయన నోట ఎవరును విని యెరుగరు.