ఈశాన్యాన మూసీ

మా బావమరిదికి మూసీ మీద ప్రేమ పుట్టింది. ఇరవై ఏళ్లుగా హైదరాబాద్ అత్తాపూర్ వైపు ఒడ్డున కాపురముంటున్నా పుట్టని ప్రేమ, నిరుడు వేసవిలో ఏజెంటు ఫోన్ చేసి "సార్, ప్రక్షాళన అయిపోతే మీ వైపు గజం రేటు చెప్పలేం" అన్న క్షణాన పుట్టింది. తొలిచూపు ప్రేమే అనాలి. అప్పటిదాకా వాడు నదిని చూసిందే లేదు మరి. ఇల్లు కట్టినప్పుడే నదికి వీపు పెట్టి కట్టారు. అటువైపు ఉన్నవల్లా రెండు బాత్‌రూములు, వంటింటి సింకు, గిన్నెలు తోమే గచ్చు, బట్టలారేసే తీగ.

ఇప్పుడా వీపు ముఖమైపోవాలి. దీన్నే రీమోడలింగ్ అంటారు.

ఇంటీరియర్ కుర్రాడు ల్యాప్‌టాప్‌లో బొమ్మ చూపించాడు. పెద్ద గాజుగోడ, దాని ముందు ఊగే కుర్చీ, కుర్చీలో కాఫీ కప్పుతో ఒకావిడ, ఆవిడ ఎదురుగా నీలంగా నది, నది మీద తెల్లకొంగ. అందులో కొంగ ఒక్కటే నిజం. కొంగలు మూసీలో ఇప్పటికీ ఉన్నాయి, వాటికి ఎవరూ రేటు చెప్పలేదు కనుక అవి తమ పని తాము చేసుకుంటున్నాయి. "ఈ గాజు తెరుచుకుంటుందా బాబూ?" అని అడిగాను. "ఫిక్స్‌డ్ సార్" అన్నాడు. "వ్యూ లోపలికి వస్తుంది, స్మెల్ రాదు." నదిని చూపే గోడ, నది నుంచి కాపాడే గోడ ఒకటే కావడం వాడికేమీ వింతగా లేదు. చదరపు అడుక్కి ఇంత అని లెక్క కూడా కట్టేశాడు.

బాల్కనీ మాత్రం నది వైపు నాలుగడుగులు ముందుకొచ్చింది. బఫర్ జోన్ కదరా అంటే, "బఫర్ నేలకి బావా, ఇది గాల్లో ఉంది" అన్నాడు. 2024 సెప్టెంబరులో చాదర్‌ఘాట్, మూసానగర్, శంకర్‌నగర్ గోడల మీద అధికారులు కూల్చాల్సిన ఇళ్లకు గుర్తుగా ఎర్రరంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని రాసిపోయినప్పుడు టీవీ చూస్తూ "ఆక్రమణలు తియ్యాల్సిందే" అన్నది ఈ బావమరిదే. రేకుల ఇల్లు నదికి దగ్గరగా ఉంటే ఆక్రమణ. మార్బుల్ పరిచిన ఇల్లు అంతే దగ్గరగా ఉంటే రివర్ వ్యూ.

తర్వాత సిద్ధాంతిగారు వచ్చారు. అసలు విషయం ఆయన దగ్గరే ఉంది. నగరంలో మూసీ పడమటి నుంచి తూర్పుకు పారుతుంది. దక్షిణపు ఒడ్డున ఉన్నవాళ్లకు నీళ్లు ఉత్తరాన పడతాయి, అది కుబేరస్థానం, మహా శ్రేష్ఠం. ఉత్తరపు ఒడ్డువాళ్లకు అవే నీళ్లు దక్షిణాన పడతాయి, అది దోషం. నది ఒకటే, వాసన ఒకటే, దోమ కూడా ఒకటే. ఏ ఒడ్డున కుట్టినా అదే జ్వరం. విలువ మాత్రం దిక్కును బట్టి. పుణ్యానికి మా వాడిది దక్షిణపు ఒడ్డు. అవతలి ఒడ్డువాళ్లు నదిని కొంచెం జరిపిస్తారేమో చూడాలి. ఈ ఊళ్లో చెరువులనే జరిపిన మొనగాళ్లున్నారు.

సిద్ధాంతిగారు ఇల్లంతా తిరిగి మురుగు పైపు దగ్గర ఆగారు. వాడుక నీళ్లు ఈశాన్యం నుంచి బయటికి పోవాలని శాస్త్రం. ఇరవై ఏళ్ల కిందట మేస్త్రి పొల్లు పోకుండా ఈశాన్యానికే దించాడు. ఈశాన్యాన నాలా, నాలా చివర నది. "దివ్యంగా ఉంది, పైపు జోలికి మాత్రం పోకండి" అని తాంబూలం పుచ్చుకుని వెళ్లారు.

ఈ నగరం శాస్త్రాన్ని ఎంత నిష్ఠగా పాటించిందో సర్కారు లెక్కల్లోనే ఉంది. 2021లో కొత్త మురుగుశుద్ధి కేంద్రాలు (ఎస్టీపీలు) తలపెట్టినప్పుడు చెప్పిన లెక్క ప్రకారం గ్రేటర్‌లో రోజుకు 1,650 మిలియన్ లీటర్ల మురుగు పుడుతోంది, శుద్ధి చేసే సామర్థ్యం 772. మిగిలిన 878 ఈశాన్యానికి పోయాయన్నమాట. ఆ తర్వాత 31 ఎస్టీపీలు మంజూరయ్యాయి, సంతోషమే. కానీ మురుగు తనంతట తాను ఎస్టీపీ దాకా నడిచి వెళ్లదు. ఎవరో ఒకరు ఇంటి పైపును తీసుకెళ్లి డ్రైనేజీ లైనులో కలపాలి. మా వాడి ఎస్టిమేటు మూడు పేజీలుంది. ఫాల్స్ సీలింగ్ ఉంది, బాల్కనీకి ఉత్తుత్తి పచ్చగడ్డి తివాచీ ఉంది. పైపు లేదు. అడిగితే "అది గవర్నమెంటు పని బావా" అన్నాడు.

నదికి కూడా చిన్నచిన్న కోపాలుంటాయి. మురుగులోంచి లేచే హైడ్రోజన్ సల్ఫైడ్ వెండిని నల్లబరుస్తుంది, రాగిని తినేస్తుంది. మా చెల్లెమ్మ దేవుడిగదిలో వెండి కుందులు పున్నమికి తోమితే అమావాస్యకి ఇనుపవాటిలా తయారవుతాయి. ఏసీ మెకానిక్ ఏటా వచ్చి కాయిల్‌కి చిల్లు పడిందని చూపిస్తాడు, గ్యాస్ నింపుతాడు, కిటికీ వైపు గడ్డం ఎత్తి "మూసీ గాలి సార్" అంటాడు. ఇన్నాళ్ల ప్రక్షాళన చర్చలో ఇంత సూటిగా మాట్లాడినవాణ్ణి నేను చూడలేదు.

ఒడ్డున తోటలు, విహారస్థలాలు కొత్త ఆలోచనేం కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని మింగింది. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది బతికారంటారు. మరుసటేడు విశ్వేశ్వరయ్య వచ్చి చూశాడు. తీరాలను అందంగా తీర్చమని ఆయనా చెప్పాడు, కాకపోతే ముందు పైన నీళ్లు ఆపమన్నాడు. అలా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. ఆ జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల దాకా, 84 గ్రామాల్లో, ఇష్టమొచ్చినట్టు కట్టకూడదని 1996లో జీవో 111 వచ్చింది. 2022లో జీవో 69 ఆ ఆంక్షలు ఎత్తేసింది. పైన జీవో పోతే గజం పెరుగుతుందని సంబరపడ్డ ఏజెంటే, కింద నది బాగుపడితే గజం పెరుగుతుందని మా వాడికి ఫోన్ చేశాడు. నది చెడినా పెరుగుతుంది, బాగుపడినా పెరుగుతుంది. ఇంత నమ్మకమైన పెట్టుబడి బంగారం కూడా కాదు.

ఇక నీలం నీళ్ల సంగతి. అహ్మదాబాద్‌లో సబర్మతి ఒడ్డున నిండుగా కనపడే నీళ్లు నర్మద కాలువవి. మనకు గోదావరి ఉంది. మల్లన్నసాగర్ నుంచి నగరానికి 20 టీఎంసీలు తెచ్చే పథకంలో రెండున్నర టీఎంసీలు మూసీ కోసం. ఇంట్లో గంగాళం కడగడం బద్ధకమై పక్కింటి నీళ్లతో నింపి పెట్టుకున్నట్టుంది నాకు. నా మాట వదిలేయండి, నాకు నది ఒడ్డున గజం కూడా లేదు.

2025 సెప్టెంబరు చివర్లో జంట జలాశయాల గేట్లు ఎత్తారు. ఎంజీబీఎస్ బస్టాండు ప్లాట్‌ఫాంల దాకా నీళ్లొచ్చాయి; ఆ రాత్రి బస్సు కోసం వచ్చినవాళ్లందరికీ ఉచితంగా రివర్ వ్యూ. మా వాడి గాజుగోడకు చుక్క నీరు తాకలేదు, కుర్రాడు మంచి పనిమంతుడు. నది బాత్‌రూములోంచి వచ్చింది. ఇరవై ఏళ్లుగా తాము పంపుతున్నదంతా, పంపిన పైపులోంచే, నల్లగా బుడబుడమంటూ తిరిగొచ్చి హాల్లో కొత్త మార్బుల్ మీద పరుచుకుంది.

కడిగించి, సెంటు కొట్టించి, దీపావళి తర్వాత అమ్మకానికి పెట్టాడు.

మొన్న ఒక కుటుంబం చూడ్డానికొచ్చింది. నన్ను కూడా రమ్మన్నాడు, పెద్దమనిషిలా ఉంటానని. అగరొత్తులు అరకట్ట వెలిగించాడు. కొడుకు గాజుగోడకు ముక్కు ఆనించి, ప్రక్షాళన ఎప్పటికవుతుంది, అప్పటికి గజం ఎంతవుతుంది అని మా వాడితో లెక్కలేస్తున్నాడు. వాళ్లమ్మ వలిగొండ వైపు మనిషి, మూసీ కాలువ కింద మూడెకరాల వరి ఉందట. ఆమె వ్యూ చూడలేదు. నేరుగా బాత్‌రూములోకి వెళ్లి నల్లా తిప్పి చూసింది, తూము దగ్గర ఒక్క నిమిషం నిలబడి గాలి పీల్చింది.

"ఈ నీళ్లు యాడికి పోతయి బిడ్డా?"

"ఈశాన్యానికమ్మా" అన్నాడు మా వాడు, సిద్ధాంతిగారిని తలుచుకుని.

"ఆఁ" అందామె తల ఊపుతూ. "మా కాడికే వస్తయి."