తోలు తీశాక

దసరాకి మేకను కోస్తే మాంసానికి వాటాదారులు వరసకడతారు. తలకాయ ఒకరికి, కాళ్లు ఒకరికి, బోటీ మరొకరికి. తోలు వంక చూసేవాడుండడు. ఆ అనాథను నేను దత్తత తీసుకుంటానని ప్రకటించగానే మా ఆవిడ ఒకటే అడిగింది: "ఇంట్లోనా, బయటా?" తోలు సంగతా, నా సంగతా అని నేను రెట్టించలేదు.

నా కోరిక చిన్నదే. వానకు తడిసినా ఎండకు ఎండినా పదేళ్లు మన్నే భుజం సంచి.

మొదటి అంకం అందరికీ ఒకటే. కోసిన కొద్ది గంటల్లోనే లోపలివైపు కళ్లుప్పు దట్టించాలి, తోలు బరువులో సగం దాకా. ఆవకాయ పెట్టే కొంపలో ఉప్పుకేం కరువు? తర్వాత వారం పది రోజులు సున్నపు నీళ్లలో నానితే వెంట్రుకలు ఊడొస్తాయి. అది విన్నప్పటి నుంచి మా బావమరిది ఆ తొట్టి ఛాయలకే రావడం లేదు, ఉన్న నాలుగూ కాపాడుకోవాలిగా. ఆ సున్నాన్ని వదిలించి తోలును మెత్తబరచడానికి ఐరోపాలో పూర్వం కుక్కల పెంట, పావురాల రెట్ట వాడేవారు. 20వ శతాబ్దం మొదట్లో ఒట్టో రోమ్ అనే జర్మన్ రసాయనవేత్త అదే పని ఎంజైములతో చేయించాడు. మా బాల్కనీలో పావురాలకు లోటు లేకపోయినా, అపార్ట్‌మెంట్ సంఘం తరఫున ఆయనకో దండ వేయాల్సిందే.

ఇక పదును చేయడం. పటికతో తేలిక, తోలు తెల్లగా, ముచ్చటగా వస్తుంది. నాలుగు వానలు పడితే పటిక కాస్తా వదిలేసి మళ్లీ పచ్చితోలు మొహం పెడుతుంది. క్రోమియం సంగతి వేరు. 1884లో అమెరికాలో అగస్టస్ షుల్జ్ పేటెంటు తీసుకున్నాక లోకమంతా దాని వెంటే పడింది. పని ఒకటి రెండు రోజుల్లో తెమిలిపోతుంది, మరిగే నీళ్లకు కూడా తోలు ముడుచుకోదు. నా సంచిని ఉడకబెట్టే ఉద్దేశం నాకు లేదు. పైగా ఆ నీళ్లు ఎక్కడ పారబొయ్యను? తమిళనాడులో పాలారును పాడుచేసిన తోళ్ల పరిశ్రమల మురుగు మీద 1996లో సుప్రీంకోర్టు తీర్పే ఇవ్వాల్సి వచ్చింది. మా వంటింటి తూము అంత పెద్ద కేసుకు తూగదు.

అమెరికా ఆదివాసులు జంతువు మెదడునే తోలుకు పట్టించి, ఆరేదాకా లాగి పీకి, పొగ వేస్తారు. ఏ జంతువు తోలుకు సరిపడా మెదడు దానికే ఉంటుందని అక్కడ ఒక మాట ఉంది. మనుషుల విషయంలో నేను హామీ ఇవ్వలేను. ఈ పద్ధతి నాకు నచ్చింది కానీ మామగారికి నచ్చలేదు. పండగపూట మేక మెదడు వేపుడు తోలుకు పూస్తానన్న అల్లుణ్ణి ఆయన చూసిన చూపుకే తోలు సగం పదునెక్కింది.

మిగిలింది తంగేడు. పువ్వు బతుకమ్మకు, బెరడు తోలుకు. నెమ్మది పద్ధతి, మేకతోలుకు వారాలు, గేదెతోలుకు నెలలు పడతాయి. కానీ మన్నిక చూడాలంటే మోటబావులను తలచుకోండి. రోజంతా నీళ్లలో మునిగి, దరిబండలకు ఒరుసుకుంటూ చేలు తడిపిన తోలు మోటలు చెట్ల బెరళ్లతో పదునెక్కినవే. చెన్నైలో 1948లో కేంద్ర తోలు పరిశోధన సంస్థ పుట్టేనాటికే మాదిగలు తోళ్లు నానబెట్టే లందలో ఆ రసాయనశాస్త్రం ముదిరి ఉంది. కంపని లందను ఊరి బయటికి నెట్టిన పెద్దలు, ఆ మోట నీళ్లతో పండిన అన్నం మాత్రం ముక్కు మూసుకోకుండానే తిన్నారు.

కాబట్టి నా తీర్పు తంగేడుకే, చివర్లో కాస్త కరక్కాయతో. మీరూ దిగేటట్టయితే ఇనుప డ్రమ్ము వాడకండి, బెరడు రసం ఇనుముతో కలిస్తే సిరా అవుతుంది. పలచటి కషాయంతో మొదలుపెట్టి మెల్లగా చిక్కన చేయండి. తొందరపడితే పైపొర బిగుసుకుని లోపల పచ్చిగానే మిగులుతుంది. అంచు కొంచెం కోసి చూడండి. మధ్యలో తెల్లగీత కనిపిస్తే మళ్లీ తొట్టిలో వేయండి, ఇంట్లోవాళ్లకు ఇంకో రెండు వారాలని చెప్పండి.